మర కోడుమూరులో, చక్రం నూరుమైళ్ళ దూరాన

దూరదేశాల కథలు చదివేటప్పుడు మీరు ఒక సంగతి గమనించే ఉంటారు. ఆ కథల్లో తరుచు ఒక పిండిమర వస్తుంది. మర పక్కనే ఏరు, ఏట్లో ఒక పెద్ద చెక్కచక్రం. ఏరు పారుతున్నంతసేపూ చక్రం తిరుగుతూనే ఉంటుంది. చక్రంతో పాటు లోపల రాయి తిరుగుతుంది, గోధుమలు పిండి అవుతాయి. మర యజమానికి ముగ్గురు కొడుకులుంటారు. అందరికంటే చిన్నవాడు మూట భుజాన వేసుకుని దేశాలమీద పోతాడు.

మన కథల్లోనూ రాజులున్నారు, పేదరాసి పెద్దమ్మ ఉన్నది, ముగ్గురు కొడుకులూ ఉన్నారు. రోలూ రోకలీ ఉన్నాయి, తిరగలి ఉన్నది, ఎద్దు తిప్పే గానుగ ఉన్నది. నీటితో తిరిగే మర మాత్రం ఎక్కడా కనిపించదు. ఎందుకని? మనకు నదులు లేకనా?

కర్నూలు జిల్లాలో కోడుమూరు అని ఒక ఊరున్నది. దానికి పడమటగా ఎమ్మిగనూరు, ఇంకా అవతల ఆదోని. పత్తికొండ వైపునుంచి వచ్చే హంద్రి అనే యేరు ఈ కోడుమూరు ప్రాంతం మీదుగానే పారి, కర్నూలు పట్నం దగ్గర తుంగభద్రలో కలుస్తుంది. ఉత్తరాన, గూడూరు దాటి పోతే తుంగభద్రే వస్తుంది. రెండు నదుల నడుమ ఉన్న సీమ ఇది. అయినా ఇక్కడి ఆడవాళ్ళు తరతరాలుగా జొన్నలు చేత్తోనే విసురుకున్నారు. నది ఒక్కనాడు కూడా వాళ్ళకు సాయం పట్టలేదు.

ఇప్పుడు మాత్రం కోడుమూరులో మిషను తిరుగుతున్నది. ఈ సీమలో పిండిమరను మిషను అనే అంటారు. జొన్నల సంచి తీసుకుపోతే పావుగంటలో పిండి చేసి ఇస్తారు. ఆ మిషను తిప్పే శక్తిలో నీటిశక్తి కూడా ఉన్నది. కాని ఆ నీటిచక్రం కోసం మీరు ఊరంతా వెతికినా దొరకదు. అది నూరుమైళ్ళ దూరాన, పొరుగు రాష్ట్రంలో హోసపేట దగ్గర ఉన్నది! చక్రం ఒకచోట, మర ఒకచోట ఎట్లా వచ్చాయో చెప్పుకుందాం.

ముందు విసురురాయి సంగతి. మీ ఇంట్లో అవ్వ ఉంటే, లేదా జేజి ఉంటే, అడిగి చూడండి. గుండ్రటి రెండు రాళ్ళు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. కింది రాయి కదలదు. దాని నడుమ ఒక మేకు. పై రాయికి నడిమధ్య నోరు, అంచున పిడి. ఎడమచేత్తో పిడికెడు గింజలు నోట్లో పోస్తూ, కుడిచేత్తో పిడి పట్టుకుని తిప్పాలి. రాళ్ళ మధ్య నలిగిన పిండి అంచులనుంచి చుట్టూ రాలుతుంది. రాళ్ళు నునుపెక్కితే గింజ నలగక జారిపోతుంది. అందుకని ఉలీ సుత్తీ పట్టుకుని వీధి వీధి తిరిగేవాళ్ళు రాతికి గంట్లు పెట్టిపోయేవాళ్ళు. దానినే కక్కు కొట్టడం అంటారు.

తెల్లవారుజామున కోడి కూయకముందే లేచి విసరడం మొదలుపెట్టేవాళ్ళు. ఎందుకంటే తెల్లవారితే చేను పని ఉన్నది. ఇద్దరు ఎదురెదురుగా కూచుని ఒకే పిడి పట్టుకుని తిప్పితే కొంత సులువు. శ్రమ మరిచిపోవడానికి పాటలు పాడుకునేవాళ్ళు. తిరగటి పాటలని మన పెద్దలు సేకరించి అచ్చువేసిన పాటలన్నీ ఇట్లా పుట్టినవే. పాటలు బాగున్నాయి గదా అని ఆ పని కూడా బాగుండేదని అనుకోకండి. జొన్నరొట్టె, సంగటి తినే సీమలో ఇంటిల్లిపాదికీ రోజూ పిండి కావాలి. పండగ లేదు, జ్వరం లేదు. విసిరితేనే పొయ్యి వెలిగేది.

ఒక మనిషి ఎడతెగకుండా చేయగల పనికి శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. గంటల తరబడి చేస్తే అది సుమారు 75 వాట్లు. ఒక చిన్న పిండిమరకు 5 అశ్వశక్తుల మోటారు ఉంటుందనుకోండి. ఒక అశ్వశక్తి అంటే 746 వాట్లు గనుక, మొత్తం 3,730 వాట్లు. దీన్ని 75 చేత భాగించండి. దాదాపు 50 వస్తుంది. అంటే ఆ చిన్న మోటారు యాభై మంది ఆడవాళ్ళ చేతులకు సమానమన్నమాట!

ఈ యాభై మంది పని నీటిచేత చేయించాలన్న ఆలోచన చాలా పాతది. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలోనే విత్రూవియస్ అనే రోమను శిల్పి నీటిమర ఎట్లా కట్టాలో రాసిపెట్టాడు. ఇంగ్లండులో 1086లో రాజు తన దేశంలోని ఆస్తులన్నిటికీ లెక్క రాయిస్తే, అందులో అయిదువేలకు పైగా మరలు తేలాయి. అందుకే వాళ్ళ కథల్లో ఊరికొక మర! మన దేశంలోనూ హిమాలయాల్లో ఘరాట్లని నీటిమరలున్నాయి. కొండవాగు నీటిని చెక్కదోనె గుండా దించి, కింద పడుకోబెట్టినట్టున్న చక్రాన్ని తిప్పుతారు. దాని ఇరుసే నిటారుగా పైకి వచ్చి రాతిని తిప్పుతుంది. పళ్ళ చక్రాలేవీ అక్కర్లేదు.

మనకు దగ్గరలో పేరు మోసిన నీటిమర ఒకటున్నది. అది ఔరంగాబాదులోని పాన్‌చక్కీ. ఆ పట్నానికి 2023లో ఛత్రపతి శంభాజీనగర్ అని పేరు మారింది. ఇప్పుడది మహారాష్ట్రలో ఉన్నా, 1956 దాకా తెలంగాణ జిల్లాలతో పాటు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. అక్కడ బాబా షా ముసాఫిర్ అనే సూఫీ సాధువు దర్గా ఉన్నది. మైళ్ళ దూరంలో కొండల్లో ఉన్న ఊటనుంచి భూమిలోపలి మట్టిగొట్టాల గుండా నీటిని తెచ్చి, ఎత్తయిన గోడమీదికి ఎక్కించి, అక్కడినుంచి కిందికి దూకించారు. ఆ నీటి జోరుకు మర తిరిగేది. దర్గాకు వచ్చే బాటసారులకూ ఫకీర్లకూ కావలసిన పిండి అంతా ఆ మరే విసిరిపెట్టేది. ఇది 18వ శతాబ్దపు మాట. ఇప్పటికీ యాత్రికులు పోయి చూసి వస్తుంటారు.

మరి ఇంతమందికి చేతనయిన పని హంద్రి ఒడ్డున ఎందుకు కాలేదు? తెలివి చాలకనా? కానేకాదు. ఆ తుంగభద్ర మీదే, హంపి దగ్గర, విజయనగర రాజుల కాలంలో ఆనకట్టలు కట్టి కాలువలు తవ్వినవాళ్ళు మనవాళ్ళే. ఆ కాలువలు కొన్ని ఇప్పటికీ పారుతూ చెరకు తోటలకూ వరిమళ్ళకూ నీళ్ళిస్తున్నాయి. అసలు కారణం వేరే ఉన్నది.

నీటిమరకు రెండు కావాలి. ఒకటి, ఏడాది పొడుగునా ఆగకుండా వచ్చే నీరు. రెండు, ఆ నీరు పడడానికి ఎత్తు. ఎత్తు ఎందుకంటే, కిందుగా పారే నీరు చక్రాన్ని తోసేదానికంటే పైనుంచి పడే నీరు చేసే పని చాలా ఎక్కువ. జాన్ స్మీటన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు చిన్న చిన్న బొమ్మచక్రాలతో ప్రయోగాలు చేసి, పైనుంచి నీరు పడే చక్రం రెండింతలకు పైగా పని ఇస్తుందని 1759లోనే రుజువు చేశాడు.

హంద్రిలో ఈ రెండూ లేవు. అది పుట్టింది మంచుకొండల్లో కాదు, ఎండిన చేలల్లో. ఈ సీమలో ఏడాదికి కురిసే వాన అరవై సెంటీమీటర్లకు అటూ ఇటూ. అది కూడా నాలుగు నెలల్లో నాలుగు వానలుగా పడిపోతుంది. మిగతా కాలమంతా ఏట్లో ఇసుకే. చెలమ తవ్వితే తప్ప నీళ్ళు కనిపించవు. పోనీ, వాన కురిసినప్పుడయినా మర తిప్పుకోవచ్చు గదా అంటే, అప్పుడు ఏరు చక్రాన్ని తిప్పదు, ఎత్తుకుపోతుంది! 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్రా హంద్రీ ఒక్కసారే పొంగి కర్నూలు పట్నాన్ని ముంచివేశాయి. మిద్దెల పైకప్పులెక్కి జనం ప్రాణాలు కాపాడుకున్నారు. అంతటి వరద తెచ్చే ఏరు, మే నెలలో దాని మీదుగా మేకలు మేస్తూ పోతాయి. ఇటువంటి ఏటిని నమ్ముకుని ఎవరు మర కడతారు?

భూమి కూడా అట్లాంటిదే. నల్లరేగడి మైదానం చాపలాగా పరుచుకుని ఉంటుంది. జలపాతాలు లేవు.

తుంగభద్ర మాట వేరు. అది పడమటి కనుమల్లో పుట్టింది గనుక వానాకాలమంతా నిండుగా వస్తుంది. దాన్ని వాడుకోవాలని ఇంగ్లీషువాళ్ళకు మొదట తోచింది 19వ శతాబ్దం మధ్యలో. గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొర ప్రోద్బలంతో లండనులో ఒక కంపెనీ ఏర్పడింది. అది కోడుమూరుకు ఉత్తరాన సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టి, కడప దాకా సుమారు 190 మైళ్ళ కాలువ తవ్వించింది. ఇదే కర్నూలు-కడప కాలువ. పడవలు కూడా నడవాలని దానికి లాకులు కట్టారు. నీళ్ళు అమ్ముకుని, పడవలకు సుంకం తీసుకుని లాభాలు గడించాలని కంపెనీ ఎత్తు.

రైతులు నీళ్ళు కొనలేదు! నల్లరేగడిలో ఒక్క మంచి వాన పడితే చాలు, ఆ తేమతోనే జొన్నా పత్తీ పండుతాయి. ఇక డబ్బు పెట్టి నీళ్ళెందుకు అన్నారు వాళ్ళు. వాళ్ళ లెక్క వాళ్ళది. తరువాత 1876లో వాన మొహం చాటేసింది. ధాత నామ సంవత్సరంలో వచ్చింది గనుక పెద్దవాళ్ళు దాన్ని ధాత కరువన్నారు. రెండేళ్ళు సాగిన ఆ కరువు ముగిసేసరికి, 1871లో ఉన్న కర్నూలు జిల్లా జనాభాలో దాదాపు నాలుగో వంతు 1881 నాటికి కనిపించలేదు. అప్పుల్లో కూరుకుపోయిన కంపెనీ కాలువను 1882లో ప్రభుత్వం కొనేసింది.

సుంకేసుల ఆనకట్టకు కూడా ఒక లోపమున్నది. అది నీటిని పక్కకు మళ్ళించగలదు గాని నిలవచేయలేదు. వరద వచ్చినప్పుడు నీళ్ళు దానిమీదుగా దూకి పోయేవి. వేసవిలో నది పలచబడితే కాలువా పలచబడేది. కరువునాడు అక్కరకు రావాలన్నా, ఏడాది పొడుగునా చక్రం తిరగాలన్నా, వానాకాలపు నీటిని కొండంత గోడ కట్టి పట్టి ఉంచాలి. ఆ ఆలోచన కూడా కాటన్ కాలం నుంచీ ఉన్నదే. అయితే నదికి ఒక పక్క మద్రాసు ప్రభుత్వం, ఇంకొక పక్క నిజాము ప్రభుత్వం. ఎవరి వాటా ఎంతో తేలడానికే ఎనభై ఏళ్ళకు పైగా పట్టింది!

చివరికి 1945 ఫిబ్రవరి 28న హోసపేట దగ్గర రెండు గట్లమీదా శంకుస్థాపన జరిగింది. మద్రాసు వైపు పనికి తిరుమలై అయ్యంగారు అనే ఇంజనీరు పెద్ద. ఈ డ్యామును సిమెంటుతో కట్టలేదని చెబితే మీరు నమ్ముతారా? యుద్ధకాలం, సిమెంటు కరువు, ధరా ఎక్కువే. అందుకని కాల్చిన మట్టిని పొడిచేసి సున్నంతో కలిపి నూరారు. దీన్ని సుర్కి అంటారు. మన తాతలు గానుగసున్నంతో మిద్దెలు కట్టారే, ఇంచుమించు ఆ పద్ధతే. రాయీ సుర్కీ కలిసి దాదాపు రెండున్నర కిలోమీటర్ల పొడవున, పునాదినుంచి 49 మీటర్ల ఎత్తున గోడ లేచింది. పైన 33 తలుపులు. ఒక్కొక్క తలుపూ 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. 1953లో డ్యాము నీళ్ళు పట్టింది.

ఆ యేడే ఇంకొక పెద్ద సంగతి జరిగింది. అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం కర్నూలు ముఖ్యపట్నంగా అవతరించింది. బళ్ళారి జిల్లాను విడదీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్ళారీ హోసపేటా మైసూరుకు పోయాయి. అందుచేత డ్యాము ఒక రాష్ట్రంలో, దాని నీటికోసం ఎదురుచూసే చేలల్లో చాలాభాగం ఇంకొక రాష్ట్రంలో అయ్యాయి. ఈ చిక్కు తీర్చడానికే తుంగభద్ర బోర్డు ఏర్పడింది. అదే ఇప్పటికీ నీటినీ విద్యుత్తునూ పంచుతున్నది.

ఇక మన చక్రం. డ్యాము కుడిపక్కన, గోడ కింద, విద్యుత్ కేంద్రం కట్టారు. అందులో నాలుగు యంత్రాలు, ఒక్కొక్కటీ 9 మెగావాట్లది. అక్కడ చక్రం తిప్పి వచ్చిన నీరు విద్యుత్ కాలువలో పడుతుంది. ఆ కాలువ ఇరవై రెండు కిలోమీటర్లు పోయాక హంపి చేరువలో రెండో కేంద్రం వస్తుంది. అక్కడా అంతే, తొమ్మిదేసి మెగావాట్ల యంత్రాలు నాలుగు. 1957లో మొదటి కేంద్రం, మరుసటి యేడు రెండోదీ పనిచేయడం మొదలుపెట్టాయి. ఈ రెంటిలో పుట్టే విద్యుత్తులో నూటికి ఎనభై పాళ్ళు ఆంధ్రకు, ఇరవై పాళ్ళు కర్ణాటకకు అని ఒప్పందం. నదికి ఎడమగట్టున మునీరాబాదులో కర్ణాటకకు వేరే కేంద్రమున్నది.

ఇందులోని చక్రం కథల్లోని చెక్కచక్రం వంటిది కాదు. ఇది ఉక్కుది, టర్బైను అంటారు. దీన్ని 1827లో ఫూర్నెరాన్ అనే ఫ్రెంచివాడు పనికివచ్చేటట్టు చేసి చూపించాడు. చెక్కచక్రం గాలిలో సగం, నీళ్ళలో సగం తిరిగితే, టర్బైను గొట్టంలో బిగించినట్టుండి నీటి ఒత్తిడినంతా రెక్కలమీద తీసుకుంటుంది. దాని ఇరుసుకు రాయి ఉండదు. రాతికి బదులు విద్యుత్తు పుట్టించే జనరేటరు ఉంటుంది. విద్యుత్తు తీగమీద పోతుంది గనుక మర నది ఒడ్డునే ఉండవలసిన పని తప్పింది. ఏటిని వెతుక్కుంటూ మర పోవడం మానేసి, మర ఉన్నచోటికే ఏటి బలం నడిచివచ్చింది.

దూరానికి పంపడం కూడా అప్పటికి కొత్త కాదు. 1902లోనే మైసూరువాళ్ళు కావేరిమీద శివసముద్రం జలపాతం దగ్గర విద్యుత్తు పుట్టించి, 92 మైళ్ళ దూరాన ఉన్న కోలారు బంగారు గనులకు తీగల గుండా పంపారు. ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా పొడవైన విద్యుత్ లైన్లలో అది ఒకటి. హోసపేటకూ కోడుమూరుకూ ఉన్న దూరం ఇంచుమించు అంతే!

తీగలు రాకముందు పెద్ద ఊళ్ళలో నూనె ఇంజను మరలుండేవి. టుక్ టుక్ మని అరిచేవి. ఆ చప్పుడు పొరుగూరికి వినిపిస్తే, ఈరోజు మర నడుస్తున్నదని జొన్నల మూటలు నెత్తికెత్తుకుని బయలుదేరేవాళ్ళు. ఇంజను చెడిపోయినా, నూనె రాకపోయినా మళ్ళీ విసురురాయే గతి. తీగలు వచ్చాక ఇంజను జాగాలో మోటారు కూచున్నది. ఆదోనిలో పత్తిగింజలు తీసే మిల్లులు, వేరుసెనగ నూనె మిల్లులు పెరిగాయి. పల్లెల్లో బావులమీద కపిల బాన ఆగిపోయి పంపుసెట్లు వచ్చాయి. కాని ఇవన్నీ ఒక ఎత్తు, విసురురాయి మూలన పడడం ఒక ఎత్తు. రోజుకు రెండు మూడు గంటలు చేతికి తీరిక దొరికిందంటే ఆ ఇంట్లో ఆడపిల్ల బడికి పోవడానికి ఒక అడ్డు తొలగినట్టే గదా!

ఒక చిన్న లెక్క చేద్దామా? ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము బరువు. అది ఒక మీటరు కిందికి పడితే సుమారు 9.8 జౌళ్ళ పని చేయగలదు. నీరు పడే ఎత్తు 15 మీటర్లు అనుకోండి. అప్పుడు లీటరుకు 147 జౌళ్ళు. మన 5 అశ్వశక్తుల మోటారుకు సెకనుకు 3,730 జౌళ్ళు కావాలి. టర్బైనులో కొంత, తీగల్లో కొంత, మోటారులో కొంత వేడిగా పోతుంది గనుక, అక్కడ బయలుదేరేటప్పుడు దాదాపు 5,900 ఉండాలి. 147తో భాగిస్తే 40 లీటర్లు. మూడు బిందెల నీళ్ళు! అక్కడ సెకనుకు మూడు బిందెల నీళ్ళు పడుతూ ఉంటే, ఇక్కడ కోడుమూరులో ఒక మిషను తిరుగుతూనే ఉంటుంది.

మీలో గడుసువాడొకడు అడుగుతాడు: “ఎండాకాలం డ్యాములో నీళ్ళు అడుగంటితే మిషను ఆగిపోవాలి గదా?” అడగవలసిన ప్రశ్నే. తుంగభద్రలో సేద్యానిదే మొదటి హక్కు. చేలకు నీళ్ళు వదిలినప్పుడే ఆ దారిలో విద్యుత్తు పుట్టిస్తారు. నీళ్ళు లేని నెలల్లో యంత్రాలు నిలిచిపోతాయి. అయితే ఇప్పుడు ఒక్కొక్క కేంద్రానికి ఒక్కొక్క తీగ కాదు. దేశమంతా వల అల్లినట్టు తీగలున్నాయి. శ్రీశైలం నీరు, బొగ్గు, గాలిమరలు, ఓర్వకల్లు వైపు సూర్యుడి ఎండనుంచి విద్యుత్తు తీసే పలకలు అన్నీ కలిసి ఆ వలలోకి శక్తిని పంపుతాయి. మీ ఇంటి బల్బులో వెలిగేది ఏ నీరో ఏ బొగ్గో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

డ్యాముకు మాత్రం రెండు దిగుళ్ళున్నాయి. మొదటిది ఒండ్రు. నది ప్రతి యేడూ మట్టి మోసుకొస్తుంది. గోడ దగ్గర నీరు నిలబడగానే మట్టి అడుగున దిగిపోతుంది. 1953లో 133 టి.ఎం.సి.ల నీరు పట్టిన జలాశయం ఇప్పుడు సుమారు 105 మాత్రమే పడుతున్నది. టి.ఎం.సి. అంటే వందకోట్ల ఘనపుటడుగులు. వానల్లో నిండినట్టే కనిపిస్తుంది గాని లోతు తగ్గింది. ఆ తగ్గిన నీటి లోటు ముందుగా తెలిసేది కాలువ చివర ఉన్న రైతుకే.

రెండో దిగులు 2024 ఆగస్టు 10 రాత్రి బయటపడింది. డ్యాము నిండుగా ఉన్నది. 19వ నంబరు తలుపు గొలుసు తెగి, తలుపు వరదలో కొట్టుకుపోయింది! అరవై అడుగుల కంతలోనుంచి నీరు ఉరకసాగింది. గోడమీద భారం తగ్గించడానికి మిగతా తలుపులు కూడా ఎత్తి, అంత కష్టపడి పట్టిన నీటిని నదిలోకి వదలవలసివచ్చింది. నాట్లు వేసిన రైతులు కళ్ళప్పగించి చూస్తూ ఉండిపోయారు. అప్పుడు తలుపుల పనిలో జీవితమంతా గడిపిన తెలుగు ఇంజనీరు కన్నయ్యనాయుడుగారిని పిలిపించారు. నీరు పారుతుండగానే ఉక్కు పలకలను ముక్కలు ముక్కలుగా దించి ఆ కంతను మూయవచ్చునని ఆయన చెప్పారు. ఆగస్టు 16, 17 తేదీల్లో, పారే నీటిలోనే, ఒకదానిమీద ఒకటిగా పలకలు దింపి మూసేశారు. చాలావరకు ఖాళీ కావలసిన జలాశయంలో ఆ యేటి పంటకు నీరు మిగిలింది.

ఇంతకీ ఆ మూడు బిందెల నీళ్ళు టర్బైను తిప్పిన తరువాత ఏమయినాయి? ఏమీ కాలేదు. నీరు నీరుగానే ఉన్నది. దానిలో తగ్గింది ఎత్తు ఒక్కటే. విద్యుత్ కాలువలో సాగి తుంగభద్ర దిగువ కాలువ చేరుకుని, బళ్ళారి సీమ దాటి, ఆంధ్రలో అడుగుపెట్టి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలు తడుపుతూ కోడుమూరు వైపుకు వస్తుంది. మొత్తం మీద 340 కిలోమీటర్లకు పైగా పొడవున్న కాలువ అది. ఆంధ్రలో దాని కింద సుమారు లక్షన్నర ఎకరాల సాగు రాసి ఉన్నది. తీగ మీద వచ్చిన శక్తి కన్నుమూసి తెరిచేలోగా కోడుమూరు చేరుతుంది. అదే నీరు నడిచి రావడానికి మాత్రం రోజులు పడుతుంది. దారిలో తూములు ఎన్నో, తీసుకునేవాళ్ళు ఎందరో. చివరకు వచ్చేది సన్నని పాయ. అది వచ్చిన యేడు కాలువ కింద పండిన జొన్నలు మళ్ళీ ఆ మిషనుకే వస్తాయి.

మీరు కూడా ఒక నీటిచక్రం చేసి చూడండి. జొన్న దంటు పైతొక్క ఒలిచి, లోపలి బెండును బొటనవేలంత ముక్క కోయండి. బెండు నడిమధ్యగా ఒక చీపురుపుల్ల దూర్చండి. అది ఇరుసు. ఒలిచిన తొక్కను వెడల్పుగా, ఒకే పొడవున ఎనిమిది పేళ్ళు చేసి, బెండు చుట్టూ సమానదూరంలో గుచ్చండి. అవి రెక్కలు. పుల్ల రెండు కొసలూ రెండు వేళ్ళమధ్య వదులుగా పట్టుకోండి. చెల్లెలినో తమ్ముడినో చెంబుతో నీళ్ళు సన్నని ధారగా రెక్కల కొసమీద పోయమనండి. మొదట చెంబు చక్రానికి జానెడు ఎత్తున పెట్టి, నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. తరువాత మూరెడు ఎత్తునుంచి అంతే ధార పోయించి మళ్ళీ లెక్కపెట్టండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. నీళ్ళు వృథా పోకుండా కింద బక్కెట పెట్టడం మరవవద్దు. ఆ నీళ్ళు మొక్కలకు పోయవచ్చు.